ఆకరం చెంత నేర్వవలసిన విద్య: చరిత్ర, పురావస్తు పరిశోధన పద్ధతుల బోధనపై ఒక సమీక్ష

చరిత్ర శాఖలోనో పురావస్తు శాఖలోనో పిహెచ్.డి.కి చేరిన విద్యార్థి తన అంశంలోకి దిగకముందు పరిశోధన పద్ధతుల మీద ఒక పత్రం చదివి, పరీక్ష రాసి గట్టెక్కాలన్నది ఇప్పుడు దేశమంతటా ఉన్న నిబంధన. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో తెచ్చిన నియమావళితో ఈ కోర్సు వర్కు తప్పనిసరి కాగా, 2022 నాటి నియమావళి దానికి కనీసం 12 క్రెడిట్లు ఉండాలని, పరిశోధన పద్ధతులతో పాటు పరిశోధన నైతికతను కూడా అందులో బోధించాలని నిర్దేశించింది. నిబంధన మంచిదే, ఆకరమంటే ఏమిటో, పాదసూచిక ఎందుకు రాయాలో ఎవరూ చెప్పకుండానే సిద్ధాంత గ్రంథం పూర్తి చేయవలసి వచ్చిన తరాలు అంతకుముందు ఉన్నాయి. అయితే అదే 2022 నియమావళితో ఎం.ఫిల్. పట్టా ఆగిపోయింది. ఒక చిన్న అంశాన్ని పట్టుకుని, తప్పులు చేసి దిద్దుకుంటూ, పద్ధతిని చేతికి అలవాటు చేసుకునే ఆ మధ్య దశ పోవడంతో దాని బరువంతా ఒక సెమిస్టరు పత్రం మీద పడింది. ఆ బరువును ఆ పత్రం మోయగలుగుతోందా అన్నది తెలుగునాట చరిత్ర అధ్యయనం పట్ల ఆసక్తి ఉన్నవారందరూ ఆలోచించవలసిన ప్రశ్న.

చాలాచోట్ల ఆ పత్రంలో కనిపించేవి పరిశోధన నిర్వచనాలు, పరిశోధన రకాలు, పరికల్పన లక్షణాలు, నమూనా సేకరణ, ప్రశ్నావళి, గ్రంథసూచి రాసే తీరు. పరికల్పన అంటే ఆకరాలను పరీక్షించకముందు పరిశోధకుడు తాత్కాలికంగా ఊహించుకుని, ఆ తర్వాత నిలుపుకోవడానికైనా వదులుకోవడానికైనా సిద్ధపడే సమాధానం. ఈ చట్రంలో ఎక్కువ భాగం సామాజిక శాస్త్రాల నుంచి తెచ్చుకున్నది. బతికి ఉన్న మనుషులను అడిగి తెలుసుకునే శాస్త్రానికి అది సరిపోతుంది గానీ, చరిత్రకారుడికి నమూనాను ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు. చెదలు తినగా మిగిలిన తాటాకు, గుడిగోడలో తలకిందులుగా కట్టబడి దక్కిన శాసనం, కాలువ తవ్వుతుంటే బయటపడిన కుండపెంకు అతనికి దొరికిన నమూనా. ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది, ఏది పోయింది అని అడగడంతోనే ఈ రెండు శాస్త్రాల్లో పద్ధతి మొదలవుతుంది కనుక, ఆకరాన్ని ఎదురుగా పెట్టుకోకుండా బోధించే పద్ధతి ఎంత చక్కగా బోధించినా సగమే అవుతుంది. ఈ మాట కొత్తది కాదు, తెలుగువారి చరిత్ర పరిశోధన పుట్టుకలోనే ఉంది.

కల్నల్ కాలిన్ మెకంజీ దక్కనులో సర్వే పనుల్లో ఉన్న కాలంలో ఆయనకు శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించి పెట్టినవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, లక్ష్మయ్య, రామస్వామి ఆ పని కొనసాగించారు. ఊరి కరణాన్ని కలిసి కవిలెలు చూపించమని అడగడం, గుడి శాసనానికి నకలు తీసుకోవడం, ఏ ఊళ్లో ఎవరు ఏమి చెప్పారో రాసి పంపడం వారి దినచర్య. ఈ సేకరణ విధానానికి అప్పట్లో ఎవరూ పాఠ్యపుస్తకం రాయలేదు గానీ, క్షేత్రకార్యమని ఇప్పుడు పిలిచే పనికి అది తెలుగునాట తొలి రూపాల్లో ఒకటి. శతాబ్దం తర్వాత కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు; ఆ మండలి ప్రచురణగానే 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వెలువడింది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడగా, కొమఱ్ఱాజు పేరిట హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సంపుటంగా ప్రచురించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనూ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ పుట్టాయి కాబట్టి, తెలుగు చరిత్ర పరిశోధనలో పద్ధతి తరగతి గదికంటే ముందు మండళ్లలో, పత్రికల్లో, శాసనాల సావాసంలో రూపుదిద్దుకుందని చెప్పవచ్చు. మల్లంపల్లి సోమశేఖర శర్మ 1948లో రెడ్డి రాజ్యాల చరిత్ర వెలువరించేనాటికి ఆయన వెనుక ఉన్నది దశాబ్దాల తరబడి శాసనాలు చదివిన అనుభవం. ఆ తరాన్ని తలచుకుని ఆగిపోవడం చాలదు. వారికి సావాసం వల్ల అబ్బినదాన్ని అందరికీ అందేలా, దశలవారీగా, పరీక్షకు నిలిచేలా బోధించడమే విశ్వవిద్యాలయం చేయవలసిన పని.

ఆకర విమర్శను పాఠ్యపుస్తకాలు రెండుగా విడదీస్తాయి. ఒక పత్రం నిజంగా అది చెప్పుకునే కాలానిదేనా, అది చెప్పుకునే వ్యక్తే రాశాడా, మధ్యలో ఎవరైనా కలిపారా అని కాగితాన్ని, లిపిని, భాషను పట్టి చూడడం బాహ్య విమర్శ. అసలైనదేనని తేలిన పత్రం చెప్పే విషయం ఎంతవరకు నమ్మదగినది, రాసినవాడికి ఆ సంగతి తెలిసే వీలుందా, ఏమి దాచాడు, ఎవరికోసం రాశాడు అని చూడడం అంతర విమర్శ. 1898లో ఫ్రెంచి చరిత్రకారులు లాంగ్ల్వా, సెన్యోబో ఈ విభజనను ఒక బోధనా గ్రంథంగా స్థిరపరచిన నాటినుంచి ప్రపంచమంతటా విద్యార్థులు దీన్ని వల్లిస్తున్నారు. వల్లించడానికీ చేయడానికీ ఉన్న దూరం ‘రాయవాచకము’ విషయంలో బాగా తెలుస్తుంది. విజయనగర ఆస్థానంలో ఉన్న స్థానాపతి తన నాయకుడికి పంపిన నివేదికగా ఆ వచనం తనను తాను చెప్పుకుంటుంది గనుక, చాలాకాలం దాన్ని శ్రీకృష్ణదేవరాయల సమకాలిక సాక్ష్యంగా వాడుకున్నారు. ఫిలిప్ వాగనర్ 1993లో దాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తూ, అందులోని కాలవిరుద్ధమైన వివరాలను చూపి, అది సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిన రచన అని వాదించారు. అంతమాత్రాన ఆ పుస్తకం పనికిరానిది కాలేదు. రాయల రాజ్యం గురించి చెప్పే సాక్ష్యంగా దాని బలం తగ్గింది గానీ, తళ్లికోట యుద్ధం తర్వాత ఒక నాయక రాజ్యం తన అధికారానికి మూలాన్ని విజయనగరంలో ఎలా చూసుకుందో చెప్పే సాక్ష్యంగా దాని విలువ పెరిగింది. ఆకరాన్ని నిజమా అబద్ధమా అని కాక దేనికి సాక్ష్యమని అడగడం నేర్చుకున్న విద్యార్థికి అంతర విమర్శ అర్థమైనట్టే.

ఇటువంటి పాఠం ఇంకా దగ్గరగా చెప్పడానికి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. రాణి రుద్రమదేవి పాలన 1295 ప్రాంతం దాకా సాగిందని, అక్కడినుంచి ప్రతాపరుద్రుడు పాలించాడని చరిత్రకారులు లెక్కగట్టి ఉండగా, పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించిన ఈ చిన్న దాన శాసనం ఆ లెక్కను మార్చింది. కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనేవాడు దేవుడికి భూమి దానం చేసినట్టు అందులో ఉంది; కాలం శక సంవత్సరం 1211, విరోధి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం 1289 వస్తుంది. అరవై ఏళ్లకొకసారి తిరిగివచ్చే పేర్లలో విరోధి 1949లో వచ్చింది కనుక, పదకొండు చక్రాలు, అంటే 660 ఏళ్లు, వెనక్కి లెక్కిస్తే 1289కే చేరుతాం. శక సంఖ్య, సంవత్సరం పేరు రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. తిథిని బట్టి దీన్ని 1289 నవంబరు 27గా లెక్కించారు.

విద్యార్థి ఇక్కడ నిదానించి చూడవలసినవి రెండున్నాయి. మొదటిది, నవంబరు 27 రుద్రమ మరణించిన రోజని తరచూ రాస్తుంటారు గానీ, శాసనంలో ఉన్న తేదీ దానానిది. మరణం ఆ రోజుకు ముందే, బహుశా కొద్దికాలం ముందే, జరిగిందన్నంత వరకే శాసనం అనుమతిస్తుంది. రెండవది, రాణి, ఆమె సేనాని యుద్ధంలో చనిపోయారని గానీ, వారిని కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు చంపాడని గానీ శాసనం చెప్పదు. అంబదేవుడు 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన విజయాలను ఘనంగా చాటుకోవడం, ఇద్దరి మరణం ఒకే శాసనంలో కలిసి కనబడడం, కాలాలు దగ్గరగా ఉండడం కలిపి చూసి చరిత్రకారులు చేసిన అనుమానం అది. బలమైన అనుమానమే, కానీ శాసనం చెప్పినదీ, శాసనాలను జోడించి పరిశోధకుడు ఊహించినదీ ఒకే వాక్యంలో ఒకే స్వరంతో రాయకూడదు. ఇదే రాణి విషయంలో మరో ఆకరం మరో పాఠం చెబుతుంది. మోటుపల్లి ప్రాంతాన్ని వర్ణించిన మార్కోపోలో ఆమెను చనిపోయిన రాజు భార్యగా పేర్కొన్నాడు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కూతురుగా చెబుతోంది. సమకాలికుడైన యాత్రికుడు, అందులోనూ స్థానిక స్పర్ధలతో సంబంధం లేనివాడు, నమ్మదగినవాడని తోచవచ్చు. కుటుంబ సంబంధాల విషయంలో మాత్రం రాజ్యంలోనే, రాజగురువు పేరున వెలసిన శాసనానికి ఎక్కువ విలువ ఉంటుంది. ఏ సాక్షి ఏ సంగతిలో నమ్మదగినవాడో విడివిడిగా తేల్చుకోవాలి.

రుద్రమ గురించిన ఈ ఆకరాలను ఒక తరగతికి పంచి, పక్షం రోజులు వాటి మీదే కూర్చోబెడితే బాహ్య విమర్శ, అంతర విమర్శ, కాలనిర్ణయం, అనుమాన ప్రమాణం అన్నీ అందులోనే వస్తాయి. దాంతోపాటు శాసనాన్ని అచ్చులో కాక రాతి మీద చూడడం అవసరం. రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని పరచి, గట్టి బ్రష్షుతో కొట్టి అక్షరాల గాడిలోకి దించి, కాస్త ఆరాక సిరా అద్దితే నల్లని నేల మీద తెల్లని అక్షరాలు తేలతాయి. ఎస్టాంపేజీ అని శాసన శాస్త్రజ్ఞులు పిలిచేది దీన్నే. ఇది ఒక్కసారి స్వయంగా చేసినవారికి, అచ్చయిన పాఠంలో చదరపు కుండలీకరణాల మధ్య ఉన్న అక్షరాలు పరిష్కర్త ఊహించి పూరించినవని, అరిగిన రాతిలో ప, వ అక్షరాల మధ్య తేడా ఎంత సన్ననిదో, కడప జిల్లా కలమళ్లలో ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనం చదవడానికి నేటి తెలుగులో లేని అక్షరాలు కూడా తెలియాలని చెప్పనక్కరలేదు. తిథుల లెక్కకు ఎల్.డి. స్వామికన్ను పిళ్లై 1922లో ప్రచురించిన పంచాంగ పట్టికలను తిరగేయడం కూడా ఇలాగే చేసి నేర్చుకోవలసిన పని. నేడు కంప్యూటరు ఆ లెక్క క్షణంలో చేసిపెడుతుంది. అయితే శక సంవత్సరం గడిచినదా నడుస్తున్నదా అన్న ప్రశ్న తెలియనివారికి అది ఇచ్చే జవాబు ఒక ఏడాది తప్పవచ్చు.

శాసనాలకు ఇంత చోటివ్వడం సమంజసమే గానీ, దానాలు చేయగల స్తోమతు ఉన్నవారే శాసనాల్లో ఎక్కువగా కనిపిస్తారన్నది మరువరాదు. సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథంలో కాకతీయుల కాలపు శాసనాలను సుమారు వెయ్యింటిని కలిపి చదివి, దాతల బిరుదులను, వృత్తులను, ప్రాంతాలను లెక్కించి, నాయక, సెట్టి, బోయ వంటి పేర్లు ఆనాడు పుట్టుకతో వచ్చిన కులం కంటే వృత్తిని, సంపాదించుకున్న హోదాను సూచించాయని వాదించారు. ఒక్కొక్క శాసనాన్ని విడిగా చదివినప్పుడు కనిపించని సంగతి రాశిగా చూసినప్పుడు కనిపించడం గణన పద్ధతిలోని బలం. దాతలు కాలేనివారి గురించి ఆ లెక్క మౌనంగా ఉండడం దాని హద్దు. ఆ మౌనాన్ని పూరించడానికి సాహిత్యాన్ని ఆశ్రయించినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుంచి, చాటువుల నుంచి తిండి, బట్ట, ఆటలు, జాతరలు ఏరి కూర్చారు. కావ్య వర్ణనలో కవిసమయం ఎంత, కంటితో చూసినది ఎంత అని విడదీయడం ఆ మార్గంలోని కష్టం, దాన్ని నేర్పాలంటే చరిత్ర శాఖ తెలుగు శాఖతో కలిసి పనిచేయాలి. మెకంజీ కోసం సేకరించిన స్థానిక చరిత్రలైన కైఫీయతుల విషయంలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చువేయడంతో ఇవాళ విద్యార్థులు చాలా ఊళ్ల కైఫీయతులను అచ్చులోనే చదువుకోగలరు. వాటిని కట్టుకథలుగా కొట్టిపారేసిన ధోరణికి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001 నాటి తమ గ్రంథంలో గట్టి సమాధానం ఇచ్చారు. దక్షిణాదిలో కరణాలు, స్థానిక రచయితలు తమదైన చరిత్ర స్పృహతో రాశారని, ఆ రచన ఏ ప్రక్రియలో ఉందో గుర్తించే చదువరికి అది తెలుస్తుందని వారి వాదన. దీనితో అన్ని విషయాల్లోనూ ఏకీభవించనక్కరలేదు గానీ, పద్ధతుల పత్రంలో యూరప్ చరిత్రకారుల పేర్లు మాత్రమే ఉండడం ఎందుకు చాలదో చూపడానికి ఆ పుస్తకం ఒక్కటి చాలు.

రాత లేనివారి చరిత్రకు మౌఖిక సాక్ష్యం దారి. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి యాసలోనే నమోదు చేసింది. పార్టీ పత్రాల్లో, ప్రభుత్వ నివేదికల్లో లేని ఇల్లు, బిడ్డ, ఆకలి, పోరాటం ముగిశాక వచ్చిన ఒంటరితనం అందులో చరిత్ర విషయాలయ్యాయి. ఏళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకంలో తేదీలు తప్పవచ్చు. ఆ తప్పును పత్రాలతో సరిచూడాలి, జ్ఞాపకం ఆ దారిన ఎందుకు మళ్లిందో కూడా ఆలోచించాలి. ప్రశ్న అడిగే తీరు, చెప్పినవారి అనుమతి, రికార్డింగును భద్రపరచడం, యాసను శిష్ట భాషలోకి దిద్దకుండా రాసుకోవడం శిక్షణతో వచ్చే నైపుణ్యాలు.

పురావస్తు శాస్త్రంలో పద్ధతికి ఉన్న తీవ్రత వేరు. పత్రాన్ని తప్పుగా చదివితే మరొకరు మళ్లీ చదవవచ్చు, తవ్విన నేలను మాత్రం మళ్లీ తవ్వలేరు. అమరావతి ఇందుకు బాధాకరమైన సాక్ష్యం. మెకంజీ 1797లో చూసేనాటికే అక్కడి స్తూపపు రాళ్లు కొత్త కట్టడాలకు తరలుతున్నాయి. ఆయన చిత్రకారులు 1816 తర్వాత గీసిన చిత్రాలే చాలా శిల్పాలకు మిగిలిన ఆధారం. 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ స్యూయెల్ తవ్వగా, 1880 ప్రాంతంలో మద్రాసు గవర్నరు ఆదేశంతో స్థలాన్ని మొత్తంగా తోడేశారు. శిల్పాలు మద్రాసు, లండను మ్యూజియాలకు చేరాయి; ఏ ఫలకం ఎక్కడ, దేని పక్కన, ఏ లోతులో ఉందన్న సమాచారంలో చాలా భాగం ఎక్కడికీ చేరలేదు. వస్తువుకు దాని పరిసరాలతో ఉన్న ఈ సంబంధాన్నే పురావస్తు శాస్త్రజ్ఞులు సందర్భం అంటారు. స్తూపం కాలక్రమం గురించి నేటికీ సాగుతున్న వాదాల్లో అధిక భాగం అప్పుడు పోయిన సందర్భాన్ని శైలిని బట్టి, లిపిని బట్టి తిరిగి ఊహించే ప్రయత్నాలే.

సందర్భాన్ని కాపాడే క్రమశిక్షణను భారతదేశంలో పద్ధతిగా బోధించిన ఘనత మార్టిమర్ వీలర్‌ది. 1944లో పురావస్తు సర్వేక్షణకు డైరెక్టరు జనరల్‌గా వచ్చిన ఆయన ఆ ఏడాదే తక్షశిలలో శిక్షణ శిబిరం నడిపి, 1945లో అరికమేడులో, 1947లో బ్రహ్మగిరిలో ఆ పద్ధతిని అమలు చేశారు. స్థలాన్ని చదరాలుగా విభజించి, చదరానికీ చదరానికీ మధ్య మట్టిగోడ వదిలి తవ్వితే ఆ గోడ నిలువుకోతలో పొరలు వరుసగా కనిపిస్తాయి. కింది పొర ముందటిది, పై పొర తర్వాతిది. సూత్రం ఇంత సులువుగా ఉన్నా ఆచరణలో చిక్కులున్నాయి. పై పొర కాలంలో ఎవరో గొయ్యి తవ్వితే, ఆ కాలపు నాణెం కింది పొర లోతులో దొరుకుతుంది. లోతును మాత్రమే కొలిచేవారు దాన్ని కొన్ని వందల ఏళ్లు వెనక్కి నెట్టేస్తారు. గొయ్యి అంచు దగ్గర మట్టి రంగులో, బిగువులో వచ్చే సన్నని మార్పును కరణితో మెల్లగా గీకుతూ, నీళ్లు చిలకరించి చూస్తూ పసిగట్టాలి. ఏ బొమ్మా దీన్ని నేర్పలేదు. ఎండలో, మోకాళ్ల మీద కూర్చుని, అనుభవజ్ఞుడు పక్కనుండి చూపగా విద్యార్థి కన్ను పట్టుకోవలసిన తేడా అది. పొరల మధ్య ముందువెనుకలను పటంగా రాసుకునే విధానాన్ని ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించారు. తవ్వకంలో పాల్గొన్నాక దాన్ని గీయడం తేలిక, పాల్గొనకుండా దాన్ని కంఠస్థం చేయడం వృథా.

నాగార్జునసాగర్ జలాశయంలో మునగబోతున్న లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకం తెలుగునేల మీద జరిగిన అతి పెద్ద పద్ధతి పాఠం. పాతరాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల విహారాలు, ఘట్టాలు, క్రీడారంగం వరకు ఒక లోయ మొత్తం చరిత్రను గడువులోగా నమోదు చేయవలసి వచ్చింది. ఆ తవ్వకపు నివేదిక తొలి సంపుటం 1975లో, రెండవది 2006లో వెలువడ్డాయి. తవ్వినవారి నిబద్ధత మీద సందేహం లేదు; అయినా తవ్వకానికి, నివేదికకు మధ్య ఇంత ఎడం ఉంటే ఒక తరం పరిశోధకులు ఆ సమాచారం లేకుండానే రాయవలసి వస్తుంది. నివేదిక రాయడం తవ్వకంలో భాగమేనని, అది వేరే పని కాదని శిక్షణ దశలోనే నాటుకోవాలి.

ప్రశ్నతో తవ్వడానికి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు మంచి ఉదాహరణ. దక్కనులోని బూడిద దిబ్బలు ఏమిటన్న దాని మీద రకరకాల ఊహలుండగా, పశువుల పేడ కాలిన కుప్పలని రాబర్ట్ బ్రూస్ ఫుట్ పందొమ్మిదో శతాబ్దంలోనే అన్నారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వి, కంచె గుంజల గుంతలను, బూడిద పొరల్లో పశువుల గిట్టల ముద్రలను చూపడంతో అది కొత్తరాతియుగపు పశుపాలకుల దొడ్డి అని తేలింది. ఆ గిట్టల ముద్రలు మ్యూజియంలో పెట్టగల వస్తువులు కావు, ఓపికగా చూసినవారికి మాత్రమే దొరికే సాక్ష్యం. అక్కడి బొగ్గుకు కార్బన్-14 పద్ధతిలో లెక్క కట్టగా కాలం క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్దికి చేరింది. ప్రాణి చనిపోయాక దానిలోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగం చొప్పున తగ్గిపోతుందన్నది ఆ పద్ధతికి పునాది. దాదాపు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి తగినంత మిగలదు. ప్రయోగశాల ఇచ్చే సంఖ్య పక్కన ఉండే కూడిక-తీసివేత గుర్తు అలంకారం కాదు. నిజమైన కాలం ఆ హద్దుల్లో ఉండే అవకాశం సుమారు 68 శాతమేనని, ఆ సంఖ్యను చెట్ల వలయాల లెక్కతో సరిదిద్దాక గానీ క్యాలెండరు సంవత్సరంగా చెప్పకూడదని, అన్నింటికీ మించి బొగ్గు కాలం దాని పక్కనున్న వస్తువు కాలం కావాలంటే రెండూ ఒకే సందర్భంలో ఉండాలని చరిత్ర విద్యార్థికి కూడా తెలియాలి. కర్నూలు ప్రాంతపు జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల నాటి టోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించినప్పుడు, ఆ పనిముట్లు చేసినది ఆధునిక మానవుడేనా అన్న వాదం రేగింది. అక్కడ మనిషి ఎముకలు దొరకలేదు కనుక పనిముట్ల తీరును బట్టి చేసినవారిని గుర్తించడం ఎంతవరకు చెల్లుతుందన్న పద్ధతి ప్రశ్నే ఆ వాదానికి కేంద్రం.

రాత, వస్తువు కలిసే చోట నాణెం ఉంటుంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో చిముక పేరున్న శాతవాహన నాణేలు బయటపడడంతో ఆ వంశపు తొలి రోజుల మీద చర్చ మలుపు తిరిగింది. నాణెం మీది అక్షరాన్ని చదవడానికి లిపి శాస్త్రం, లోహాన్ని తెలుసుకోవడానికి ప్రయోగశాల, దొరికిన చోటును తూచడానికి పురావస్తు దృష్టి కావాలి. నేల మీద ఏరిన నాణెం, పొరలో దొరికిన నాణెం సమానం కావని చెప్పగలిగేది ఆ మూడో దృష్టి. చరిత్ర, పురావస్తు శాఖలు వేర్వేరు భవనాల్లో, వేర్వేరు పాఠ్యప్రణాళికలతో నడిచేచోట ఈ కలయిక విద్యార్థి సొంత పూచీ అవుతోంది. తెలుగు విశ్వవిద్యాలయపు శ్రీశైలం పీఠంలోనూ, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ చరిత్ర, పురావస్తు శాస్త్రాలను ఒకే శాఖగా ఉంచడం ఆ దృష్టితో సరైన నిర్ణయం. హైదరాబాదు విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే ఉన్న ఇనుపయుగపు సమాధులను తవ్వించింది. విద్యార్థికి క్షేత్రం ఎంత దగ్గరగా ఉండవచ్చో ఆ ఉదాహరణ చూపుతుంది.

అన్నింటికంటే పెద్ద లోటు భాషల విషయంలో ఉంది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను పరిపాలనకు చెందిన పారశీక పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. గొలుసుకట్టుగా సాగే శికస్తా రాత చదవగలిగిన వారు కొద్దిమందే కావడంతో, తెలంగాణ మధ్యయుగం మీద పనిచేసే విద్యార్థులు ఎక్కువమంది ఇంగ్లీషు సారాంశాల మీద ఆధారపడుతున్నారు. కోస్తా జిల్లాల కంపెనీ కాలపు రికార్డులకు చెన్నై ఎగ్మూరు వెళ్లాలి, అక్కడి ఇంగ్లీషు చేతిరాతకు అలవాటు పడాలి. పారశీకమో, సంస్కృతమో, మోడీ లిపో ఏదో ఒకటి అంశానికి తగినట్టు నేర్చుకోనిదే అంశాన్ని ఖరారు చేయకూడదన్న నియమం పెడితే పరిశోధనల సంఖ్య తగ్గవచ్చు, నాణ్యత మాత్రం పెరుగుతుంది. భాష నేర్చుకునే ఏడాదికి కూడా ఫెలోషిప్పు ఇవ్వకుండా ఆ నియమం పెట్టడం పేద విద్యార్థికి అన్యాయం అవుతుంది కాబట్టి ఈ రెండూ కలిసి జరగాలి.

డిజిటల్ సేకరణలు ఇంటినుంచే కృష్ణా పత్రిక, గోలకొండ పత్రిక చదివే వీలు కల్పించాయి. దానివల్ల వచ్చిన అలవాటు ఒకటి గమనించదగినది. పదం కొట్టి వెతికి, దొరికిన పేరా మాత్రమే కోసి తెచ్చుకునేవారు ఆ సంచికలో పక్కనున్న వార్తను, ప్రకటనను, సంపాదకీయాన్ని చూడరు. పాత తెలుగు అచ్చును యంత్రం తప్పుగా చదివినచోట ఉన్న ఆధారం వారికి అసలు కనబడదు. వేటపాలెం సారస్వత నికేతనంలో సంపుటం చేతపట్టి పుట తిప్పే పరిశోధకుడు వెతకనిది కూడా చూస్తాడు. ఇక పరిశోధన నైతికత విషయంలో నిధుల సంఘపు 2018 నాటి నియమావళి పోలిక 10 శాతం దాటితే చౌర్యంగా పరిగణించి దశలవారీ చర్యలు చెప్పింది. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి దించి సొంతమన్నట్టు రాసినదాన్ని పోలిక చూసే సాఫ్ట్‌వేరు పట్టుకోవడం కష్టం. దాన్ని పట్టుకోగలిగేది ఆ రంగం చదివిన పర్యవేక్షకుడే. చూడని శాసనాన్ని మరొకరి పాదసూచిక నుంచి ఎత్తి, స్వయంగా చూసినట్టు ఉటంకించడం ఇంకా సాధారణమైన దోషం, దానికి శాతం లెక్క లేదు.

చట్టం కూడా పద్ధతిలో భాగమే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద అనుమతి లేకుండా రక్షిత స్థలంలో పార వేయడం నేరం, 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువుల ఎగుమతి నిషిద్ధం. సర్వేకు వెళ్లే విద్యార్థి దొరికిన పెంకును సంచిలో వేసుకునే ముందు దాని స్థానాన్ని నమోదు చేయాలని, ఊరివారికి తాను చేసే పని చెప్పాలని, గుప్తనిధుల వేటగాళ్లకు దారి చూపేలా స్థలం వివరాలు బయటపెట్టకూడదని మొదటి వారంలోనే తెలియాలి. ఇక మూల్యాంకనం మారకపోతే బోధన మారదు. పద్ధతుల పత్రానికి మూడు గంటల రాత పరీక్షకు బదులుగా, ఒక అముద్రిత శాసనానికి ఎస్టాంపేజీ, పాఠం, కాలనిర్ణయం, సందేహాల పట్టిక; లేదా ఒక ఊరి ఉపరితల సర్వే పటం, పెంకుల చిత్రాలు, నోట్‌బుక్కు; లేదా అనుమతితో నమోదు చేసిన ఒక మౌఖిక కథనం, దాన్ని సరిచూసిన పత్రాలతో సహా విద్యార్థి సమర్పించేలా చేయవచ్చు. సందేహాల పట్టికకు ప్రత్యేకంగా మార్కులుండాలి. ఇలా తయారైన ప్రతి పాఠాన్ని, ప్రతి పటాన్ని శాఖ తన దగ్గర భద్రపరచి, మరుసటి ఏడాది వచ్చేవారికి సరిచూడమని అప్పగిస్తే, జిల్లాల వారీగా అచ్చయిన శాసన సంపుటాల్లో ఇంకా చేరని శాసనాలు కొన్నేళ్లలోనే ఆ శాఖల అల్మరాల్లోకి చేరతాయి.